పంతొమ్మిది రెట్లు

కాపు 118వ రోజు

గాలి తూర్పు నుంచి. వాన తెరిపిచ్చింది. లంక మీద పొగ కనిపించలేదు. ఇది నాలుగో రోజు.

పొద్దున్నే కొండ మీది కాపుగది కప్పు మీద పాచి గోకి, తొట్టిలో నిలిచిన వాననీళ్లు గుడ్డతో వడకట్టాను. పదకొండు బిందెలయ్యాయి. పాత సౌర పలకలకు అంచులు కట్టి ఉప్పు మళ్లుగా వాడుతున్నాం. వాటిలో రెండు వానకు నిండిపోయి, చేతికొచ్చిన ఉప్పంతా కరిగిపోయింది. పారబోసి మళ్లీ సముద్రపు నీళ్లు నింపాను.

తర్వాత కుర్చీ పడమటి కిటికీకి లాక్కుని కాపలాకు కూర్చున్నాను. మధ్యలో తొమ్మిది కిలోమీటర్ల నీళ్లు. ఒకప్పుడు అవన్నీ ఊళ్లు. ఇప్పుడు అక్కడక్కడా కరెంటు టవర్ల కొసలు మాత్రం తేలి ఉంటాయి. వాటి వెనక ఇసుక లంక, ఒక సన్నటి గీత. మచ్చల జ్వరం వచ్చిన అరవై ముగ్గురిని వానలు మొదలైన వారంలో అక్కడికి పంపాం. రోజూ పొద్దున్న పొగ పెడితే బతికి ఉన్నట్టని ఒప్పందం.

ఈ పుస్తకంలో చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదని కమిటీ నియమం. పొగ చూడలేదు. అదే రాశాను.

కాపు 119వ రోజు

పొగ లేదు.

పడవ పోలయ్య మధ్యాహ్నం తిరిగొచ్చాడు. మన కొండకూ లంకకూ నడుమ పీపాలు కట్టిన తెప్ప ఒకటి లంగరేసి ఉంది. పది రోజులకొకసారి పోలయ్య బియ్యం, మంచినీళ్లు అక్కడ దించి వచ్చేస్తాడు. లంకవాళ్లు తమ తట్టు తెప్ప వేసుకొచ్చి పట్టుకెళతారు. తెడ్డు వేసేవాళ్లెవరూ పీపాల తెప్ప దాటి వెళ్లరు. మొదట్లో దాటిన ఇద్దరికి మచ్చలు వచ్చాయి.

పోలయ్య మెట్ల మీదే కూలబడ్డాడు.

"కిందటిసారి దించిన గోనెలు దించినట్టే ఉన్నాయప్పా. తడిసి బూజెట్టీసినాయి. ఎవులూ ముట్టుకోనేదు."

"మొన్నటి తుపానుకి వాళ్ల తెప్ప పోయిందేమో."

"అయ్యుండొచ్చు. మనుసులే పోయుండొచ్చు. నానేటి సెప్పగల్ను?"

కొత్తగా తీసుకెళ్లిన గోనెలు దించకుండా వెనక్కి తెచ్చాడు. నేను పుస్తకంలో రాసి వేలిముద్ర వేయించుకున్నాను.

కాపు 120వ రోజు

పొగ లేదు. కమిటీ కూర్చుంది.

కమిటీ పెద్ద సూరీడు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బియ్యం కొట్లో ఎన్ని గోనెలున్నాయో, కొండ మీద ఎన్ని నోళ్లున్నాయో చెప్పాడు. కోతలు డెబ్భై రోజుల దూరంలో ఉన్నాయన్నాడు.

"పొగాగి పన్నెండు రోజులయ్యేదాకా సూద్దాం. అంటే నూట ఇరవైయారో రోజు. ఆ రోజుక్కూడా ఏదీ కంటికి ఆనకపోతే లంక ఖాళీ అని రాసీసి, పడవ ఆపీద్దాం. కాదన్నోళ్లు సెప్పండి."

ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

మా చెల్లెలు నూకాలు లంక మీద ఉంది. ఇది కమిటీకి తెలిసిన విషయమే కాబట్టి రాయవచ్చు. మచ్చలు మొదట చూసింది నేను. తలంటుతుంటే మెడ వెనక మూడు కనిపించాయి. కాపు మనిషి ఇంట్లో మచ్చ కనబడితే ఆ పూటే చెప్పాలి. చెప్పాను. పడవ ఎక్కుతూ నూకాలు, "నువ్వేనా సెప్పినావు?" అంది. అవునన్నాను. కూర్చుని పడవ ముందు వైపుకు తిరిగిపోయింది.

అప్పటి నుంచి నాకు అన్నం రుచి తెలియడం లేదని రాస్తే అబద్ధమవుతుంది. తెలుస్తోంది. ఉప్పు ఎక్కువైతే తెలుస్తోంది. నిద్ర పడుతోంది. పని ఆగడం లేదు. అంతకు మించి ఏమీ తెలియడం లేదు.

కాపు 121వ రోజు

పొగ లేదు. దగ్గరి టవర్లు స్పష్టంగా కనిపించాయి. లంక మీద మాత్రం ఏమీ ఆనలేదు.

నా కళ్లకు యంత్రపు పొర ఉంది. ఈ కొండ మీద ముప్పై దాటిన అందరికీ ఉంది, పుట్టిన ఏడే వేసేవాళ్లు. అవి పనిచేసిన కాలంలో కళ్లు చికిలిస్తే చాలు, దూరంలో ఉన్నది ఎదుటికి వచ్చేదట. అందుకే దుర్భిణీలు చేయడం మానేశారు. కొనేవాళ్లు లేరు. పొరల్ని నడిపించే కేంద్రం మునిగి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు చికిలిస్తే నీళ్లు కారతాయి.

మధ్యాహ్నం కాపును పోలయ్య భార్య దాలమ్మకు అప్పగించి కన్నంనాయుడు తాత దగ్గరికి వెళ్లాను. పొరలు పాడయ్యాక కొండ మీద కళ్లజోళ్లు అమర్చింది ఆయనే. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. ఆయన పొరలు పాలలా తెల్లబడిపోయాయి. వెలుగు ఉందో లేదో తెలుస్తుంది, అంతే. నా అడుగుల చప్పుడుకే, "ఎర్నమ్మా, నువ్వేనేటి?" అన్నాడు.

దూరంగా ఉన్న మనిషిని పెద్దగా చూపించే అద్దం కావాలన్నాను.

"మనిసిని ఏ అద్దమూ పెద్ద సెయ్యదమ్మా. దగ్గిరికీ తేదు. నీ కంటి కాడ ఆ మనిసి సేసే కోణముంటాది సూడు, దాన్ని పెంచుతాది. ఎన్నిరెట్లు పెంచుతాదన్నదే లెక్క. లంక ఎంత దూరం?"

"తొమ్మిది వేల మీటర్లు."

ఆయన పలక తెచ్చుకోమన్నాడు. తను చెబుతుంటే నేను రాశాను. ఒక డిగ్రీని అరవై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. అంతకన్నా చిన్న కోణంలో ఉన్న ఆకారాన్ని మనిషి కన్ను పోల్చలేదు. దూరాన్ని మూడువేల నాలుగువందల ముప్పై ఎనిమిదితో భాగిస్తే ఆ దూరంలో ఒక ముక్కకు ఎంత ఎత్తు పడుతుందో వస్తుంది. లంక దగ్గర అది రెండు మీటర్ల అరవై. మనిషి ఎత్తు మీటరు అరవై. అంటే నిలబడ్డ మనిషి నా కంటికి ముక్కలో ఆరు పదోవంతులు. ఉన్నా లేనట్టే.

"మరెంత కావాల?"

"మనిసి అని పోల్చుకోడానికి పది ముక్కలైనా ఉండాల. నిండు సెందురుడు ముప్పయ్యొక్క ముక్క. అందులో మూడోవంతు అనుకో. ఇరవైరెట్లుంటే నీ మనిసి పన్నెండు ముక్కలవుతాడు."

రేకు పెట్టె తీయించాడు. అందులో గుడ్డలో చుట్టిన అద్దాలు. వేళ్లతో అంచులు తడుముతూ ఒకటి తీశాడు. అది ప్లస్ ఒకటి పవరు. ఇంకొకటి, గడియారాల మేస్త్రీ కంట్లో ఇరికించుకునే భూతద్దం. దాని పవరు ఇరవై అన్నాడు.

"పవరంటే ఎండ సుక్కయ్యే దూరానికి తిరగేసిన లెక్క. ఒకటి పవరుకి మీటరు. ఇరవై పవరుకి ఐదు సెంటీమీటర్లు. ముందు ఒకటి పవరు, కంటి కాడ ఇరవై పవరు. రెండు దూరాలూ కలిపి నూట ఐదు సెంటీమీటర్ల గొట్టం. పెద్ద దూరాన్ని సిన్న దూరంతో భాగించు."

"నూరు బై ఐదు. ఇరవై."

"అదే. ఇంకేటీ నేదు."

వస్తూ సూరీడికి చెప్పాను, ఇరవై రెట్లు చూపించే గొట్టం కడుతున్నానని. తల ఊపాడు.

కాపు 122వ రోజు

పొగ లేదు. గాలి లేదు. ఉప్పు మళ్లలో పొర కట్టడం మొదలైంది.

పాత నీళ్ల గొట్టం కోసి రెండు ముక్కలు చేశాను, ఒకదానిలో ఒకటి జరిగేలా. కొసల్లో అద్దాలు గుడ్డపీలికలతో బిగించాను. కిటికీ మీద ఆనించి చూస్తే టవరు కొస తలకిందులుగా కనిపించింది, చుట్టూ నీలం, ఎరుపు అంచులతో. భయపడి తాత దగ్గరికి పరిగెత్తాను. తలకిందులే వస్తుందనీ, మూడో అద్దం వేసి నిలబెట్టవచ్చుగానీ వెలుగు తగ్గుతుందనీ అన్నాడు. రంగులకు మాత్రం అట్టముక్కకు రూపాయి బిళ్లంత కన్నం చేసి ముందు అద్దానికి తొడగమన్నాడు. తొడిగాక అంచులు శుభ్రపడ్డాయి.

లెక్క నిజమో కాదో చూసుకునే దారి కూడా ఆయనే చెప్పాడు. కింద బడి ఇటుక గోడ ఉంది. గొట్టంలోంచి ఒక కన్ను, పక్కనుంచి వట్టి కన్ను, రెండూ తెరిచి చూడాలి. గొట్టంలో కనిపించే ఒక ఇటుక వట్టి కంటి ఇటుకలు ఎన్నింటిని మూస్తే అన్ని రెట్లు.

ఇరవై రాలేదు. ఐదుసార్లు చూశాను. నాలుగుసార్లు పద్నాలుగు, ఒకసారి పదిహేను.

భూతద్దాన్ని ఎండలో పట్టుకుని కాగితం మీద చుక్క పడేదాకా జరిపి, కొలబద్ద పెట్టాను. ఐదు దగ్గర చుక్క కాలేదు. ఏడు దగ్గర అయింది, కాగితం నుంచి పొగ వచ్చింది. నూటిని ఏడుతో భాగిస్తే పద్నాలుగు పాయింట్ మూడు. గోడ సరిగ్గానే చెప్పింది.

తాతకు చెబితే భూతద్దం అడిగి తీసుకుని అంచులు తడిమాడు.

"నలభయ్యేళ్లయి ఇరవై అనుకుంటన్నాను. సేతికి అలగే తగిలింది," అన్నాడు.

కాపు 123వ రోజు

పొగ లేదు. పొద్దున్న గొట్టంతో లంక చూశాను.

తెల్లటివి ఉన్నాయి. నీటి అంచున ఏడో ఎనిమిదో, వెనక ఇంకొన్ని. నిలబడి ఉన్నాయి. కొన్ని కదిలాయి.

సూరీడిని పిలిపించాను. ఆయన వంగి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"కొంగల్లాగున్నాయి, ఎర్నమ్మా."

"మనుషులు కావచ్చు గదా."

"కావొచ్చు. కొంగలూ కావొచ్చు. కావొచ్చని పడవ పంపమంటే ఎవుడు తెడ్డేస్తాడు, సెప్పు?"

ఆయన వెళ్లాక పలక మీద లెక్క వేశాను. పద్నాలుగు రెట్లలో నిలబడ్డ మనిషి తొమ్మిది ముక్కలు. కూర్చున్న మనిషి ఐదు. నిలబడ్డ కొంగ కూడా ఐదు. ఆకలితో ఉన్నవాళ్లు కూర్చునే ఉంటారు. సూరీడు అన్నదాంట్లో తప్పు లేదు. నేను కూడా కొంగలు కాదని రాయలేను. తెల్లటివి చూశాను అని రాశాను.

కాపు 124వ రోజు

పొగ లేదు. మబ్బు.

తాత దగ్గర ఇంకో భూతద్దం లేదు. కంటి వైపు మార్చలేకపోతే ముందు వైపు మార్చాలి. తక్కువ పవరు అద్దమైతే దూరం పెరుగుతుంది. ప్లస్ ముప్పావు అయితే నూట ముప్పై మూడు సెంటీమీటర్లు. దాన్ని ఏడుతో భాగిస్తే పంతొమ్మిది.

"ముప్పావు నేను ఒక్కరికే ఇచ్చినాను," అన్నాడు తాత. "నలభయ్యో ఏడు రాంగానే సూది బెజ్జం ఆనడం నేదంటే. సూరీడు ఇంటిదానికి."

సూరీడు భార్య కిందటేడు పోయింది, మచ్చలతో కాదు, గుండెపోటుతో.

వాళ్లింటికి వెళ్లేసరికి సూరీడు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. లెక్క చెప్పాను. పద్నాలుగుకూ పంతొమ్మిదికీ తేడా చెప్పాను. కావలసింది ఏమిటో చెప్పాను. ఆయన వల ముడి పూర్తి చేసి, కత్తితో దారం తెంపాడు.

"జోడు ఇరగ్గొట్టాలేటి?"

"అద్దం ఒకటి ఊడదీస్తే సరిపోతాది."

"తర్వాత మళ్లీ బిగించొచ్చా?"

"బిగించొచ్చు."

లోపలికి వెళ్లాడు. పెట్టె తెరిచిన చప్పుడు విన్నాను. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. గూట్లోంచి కాకుండా చీర మడతల్లోంచి తీసినట్టున్నాడు, జోడు కర్పూరం వాసన వేసింది. నా చేతిలో పెట్టి, మళ్లీ వల ముందు కూర్చున్నాడు.

"ఎడమదే తీసుకో. కుడిదానికి గీత పడింది," అన్నాడు, నా వైపు చూడకుండా.

కాపు 125వ రోజు

రోజంతా వాన. టవర్లు కూడా కనిపించలేదు. పొగ సంగతి చెప్పలేను.

గొట్టం నూట నలభైకి పెంచాను. అట్టముక్క కొత్తది కోశాను. బరువుకు మధ్యలో వంగుతోందని వెదురుబద్ద కట్టాను. ఊగకుండా కిటికీ కింద ఇసుక సంచులు పేర్చాను.

మచ్చల్ని చూడనట్టు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించాను. మా వీధిలో పదిహేను ఇళ్లు ఉన్నాయి. లెక్క ఏ వైపు నుంచి వేసినా సరిగ్గానే వస్తోంది. ఇది అనుకున్నది, చూసింది కాదు. కొట్టేయాలి. కొట్టేయలేదు.

కాపు 126వ రోజు

తెల్లవారేసరికి వాన వెలిసింది. సూర్యుడు నా వెనక నుంచి లంక మీద పడ్డాడు. గాలిలో దుమ్ము లేదు, ఇంకా ఎండ వేడెక్కలేదు. అంత తేటగా ఈ వానాకాలంలో ఎప్పుడూ లేదు.

ముందుగా గోడ మీద ఇటుకలు చూసుకున్నాను. పంతొమ్మిది.

తర్వాత లంక. పంతొమ్మిది రెట్లంటే తొమ్మిది కిలోమీటర్ల అవతలి మనిషిని నాలుగువందల డెబ్భై మీటర్ల నుంచి వట్టి కంటితో చూసినట్టు. ముఖం తెలియదు. నడక తెలుస్తుంది.

తలకిందుల ఇసుక మీద తలకిందుల మనిషి ఒకరు బిందె ఎత్తుకుని నడుస్తున్నారు. రెండు చేతులతో కడుపుకు ఆనించి, వెనక్కి వాలి. ఇంకో ఇద్దరు దుంగ ఈడుస్తున్నారు. చాపలతో వేసిన పందిరి, దాని కింద పడుకున్నవాళ్లు. తుపాను ఒడ్డున పడేసిన చితుకులు ఒకరు ఎండలో పరుస్తున్నారు. పొగ ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. లంక మీద ఎండు పుల్ల లేదు.

లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఒకటి. మూడోసారీ నలభై ఒకటి.

కమిటీ వాళ్లందరూ వచ్చి ఒక్కొక్కరే వంగి చూశారు. ఎవరూ కొంగలనలేదు. సూరీడు చివర్న చూశాడు. నిలబడి, "నలభయ్యొక్కటి," అన్నాడు, తనలో తను. పంపింది అరవై మూడు. తీసివేత ఎవరూ పైకి చెప్పలేదు.

తర్వాత పోలయ్యతో, "గోనెలెత్తు," అన్నాడు.

కాపు 127వ రోజు

లంకవాళ్ల దగ్గర తెప్ప లేదు, మనవాళ్లు పీపాలు దాటరు. పోలయ్య ఒక ఉపాయం చెప్పాడు. డబ్బాలు కట్టి కొత్త తెప్ప ఒకటి చేసి, దాని మీద బియ్యం, నీళ్లు, ఎండుకట్టెలు కట్టి, పీపాల దగ్గర వదిలేశాడు. మధ్యాహ్నం తూర్పుగాలి, పోటు రెండూ లంక వైపే.

నేను గొట్టంలోంచి చూస్తూ పైనుంచి కేకేశాను, మెట్ల మీద ఉన్న జనానికి. తెప్ప టవరు దాటింది. తెప్ప పక్కకు తిరిగింది. మళ్లీ సరైంది. మూడు గంటలు పట్టింది. లంక మీద ఎవరో చూసి పరిగెత్తారు. తర్వాత చాలామంది. నడుములోతు నీళ్లలోకి దిగి తెప్ప పట్టుకున్నారు. ఒకరు గోనె మీద ముఖం పెట్టి అలాగే ఉండిపోయారు.

కింద జనం ఏడ్చారు. నా గొంతు బొంగురుపోయింది, కేకలకు.

కట్టెలతోపాటు ఉత్తరం పంపాం. మేం మిమ్మల్ని చూడగలుగుతున్నామనీ, రోజూ పొద్దున్న నీటి అంచున వరసగా నిలబడితే ఇక్కడి మీవాళ్లు గుర్తుపడతారనీ, ఎవరికి వాళ్లు ఏదైనా గుర్తు చూపమనీ.

కాపు 130వ రోజు

పొగ కనిపించింది. రెండు చోట్ల.

పొద్దున్న కాపుగది మెట్ల నిండా జనం. ఒక్కొక్కరికి ముప్పై అంకెలు లెక్కపెట్టే దాకా సమయం ఇచ్చాను. తలకిందులుగా ఉంటుందని ముందే చెప్పాను. అయినా అందరూ మెడలు వంకర పెట్టి చూశారు.

లంక మీద వాళ్లు బారులు తీరారు. ఒకామె ఎర్ర చీర కొంగు రెండు చేతులా పట్టి ఎత్తింది. ఇక్కడ ఒక ముసలామె, "మా కోడలు! అది నేను పెట్టిన సీరే!" అని అరిచింది. ఒకతను గొట్టం వదల్లేదు, ముప్పై అయిపోయాక నేను భుజం మీద చెయ్యి వేయాల్సొచ్చింది. ఇరవై రెండు కుటుంబాల వాళ్లు చూసి, తమవాళ్లు కనిపించక మెట్లు దిగి వెళ్లారు.

వరసలో నలభై మంది. నలభై ఒకటో మనిషి కనిపించలేదని రాశాను. వరసలో నూకాలు నడక ఉన్న మనిషి లేదు. నూకాలు చిన్నప్పుడు చెట్టు మీంచి పడి కుడి మోకాలు విరగ్గొట్టుకుంది. నడిస్తే ఆ కాలు విసురుతుంది, కూర్చుంటే పక్కకు చాస్తుంది.

మధ్యాహ్నం ఉప్పు ఎత్తాను. నాలుగు కుంచాలు.

కాపు 131వ రోజు

పొగ ఉంది. వరసలో నలభై.

జనం వెళ్లాక గొట్టాన్ని వరస వెనక్కి జరిపాను. పందిరి అవతల, బోర్లించిన డొల్ల పడవ మీద ఒకరు కూర్చుని ఉన్నారు. కొండ వైపు వీపు. ఒక కాలు పక్కకు చాచి ఉంది. ఎడమ కాలు. నూకాలుది కుడి. కాదనుకుని, నలభై ఒకటో మనిషి దొరికిందని రాసుకుని, తాతకు అన్నం పట్టుకెళ్లాను.

తాత రోజూ అడిగినట్టే ఏమేం చూశావని అడిగాడు. చెప్పాను. ఎడమ కాలు చాచిన మనిషి గురించి కూడా.

ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"గొట్టం తలకిందులొక్కటే సేస్తాదనుకున్నావేటి? కుడెడమలు కూడా మారుస్తాది తల్లీ. నీకు ఎడమన ఆనింది దానికి కుడి."

కంచం అక్కడే వదిలేసి వచ్చేశాను. కాపుగది దాకా ఎలా వచ్చానో గుర్తులేదు. గొట్టానికి కన్ను ఆనించాను, కానీ మధ్యాహ్నమైపోయింది. వేడికి లంకంతా నీళ్లలా వణుకుతోంది. డొల్ల పడవ మీద ఒక నల్లటి మరక.

ఉత్తరం ఆమె కూడా చదివి ఉంటుంది. చూస్తున్నది కాపు మనిషని తెలుసు. కాపు మనిషి ఎవరో తెలుసు. అందుకే వీపు పెట్టింది.

చీకటి పడేదాకా గొట్టం దగ్గరే కూర్చున్నాను.

కాపు 132వ రోజు

పొగ ఉంది. వరసలో నలభై. డొల్ల పడవ మీద ఒకరు. నా చెల్లెలు నూకాలు.

సూరీడి దగ్గరికి వెళ్లి లంక మీదికి వెళతానన్నాను. రేపు పోలయ్య పీపాల దగ్గరికి వెళుతున్నాడు, అక్కడి నుంచి, మనం వదిలిన తెప్ప మీద వచ్చే లంకవాళ్లతో వెళతానన్నాను.

"చివరి జొరం తగ్గిన్నాటి నుంచి నలభై రోజులు దాటితేగానీ ఎనక్కి రానియ్యం. నీకు తెలుసు గదా. ఆ నియమం రాసింది నువ్వే."

"నేనే రాశాను."

"నీకు మచ్చలొస్తే?"

కాపుగది తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టాను.

"గొట్టం ఎవులు సూస్తారు?"

దాలమ్మకు నేర్పానన్నాను. సాయంత్రం ఆమెకు పుస్తకం అప్పగించాను. ఉప్పు మళ్లు ఏ రోజు నింపాలో చెప్పాను.

లంక మీద, రెండో రోజు

ఇది కాపు పుస్తకంలోది కాదు. విడి కాగితం. ఎవరూ రాయమనలేదు.

నిన్న పీపాల దగ్గర లంకవాళ్లు నన్ను తెప్ప మీదికి ఎక్కించుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. జ్వరం లేని మనిషివి ఎందుకు వస్తున్నావని అడిగారు. నీళ్ల డబ్బాలు మోయడానికన్నాను. ఎక్కించుకున్నారు.

ఒడ్డున దిగి చూస్తే ముఖాలు తెలిశాయి. అందరూ నాకు తెలిసినవాళ్లే. పందిరి అవతలికి వెళ్లాను. నూకాలు డొల్ల పడవ మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చిక్కిపోయింది. మెడ వెనక మచ్చలు మానిపోయి తెల్లటి గుర్తులయ్యాయి. మూడు.

"నీకూ ఒచ్చిందా జొరం?" అంది, తల ఎత్తకుండానే.

"లేదు."

"మరెందుకొచ్చినావు?"

చాలా అనుకుని వచ్చాను. "నువ్వు వరసలో నిలబడలేదు," అన్నాను.

ఆమె రాళ్లు ఏరుతూనే ఉంది. నేను నిలబడే ఉన్నాను. ఇక్కడి నుంచి చూస్తే మన కొండ ఒక నీలం చార. కాపుగది కనిపించదు. నా ముఖం తడిగా ఉందని గాలి తగిలాక తెలిసింది.

"రోజూ మమ్మల్ని లెక్కెడతన్నావంట గదా. ఎంతమందిమి?"

"నలభై ఒకటి."

"తప్పు. కామమ్మ పొద్దున్న పోయింది. ఇప్పుడే ఇసకలో పెట్టీసొచ్చినాం." రాయి ఒకటి ఏరి దూరంగా విసిరింది. "నీతో కలిపి నలభయ్యొక్కటి. ఆ కొండ మీంచి సూసేటోళ్లకి తేడా తెలీదు."

కాసేపటికి కాలు దగ్గరికి తీసుకుని, చేట కొంచెం పక్కకు జరిపింది. నేను కూర్చోడానికి చాలినంత చోటు అయింది.